ఎలుకలు కొరికిన నెల

గాలి గురించి నాకు పాఠాలు చెప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ చెప్పేవాడు ఇంట్లో మొగుడైతే మరీను. ఇరవై రెండేళ్ళుగా తెరచాపలకు చిరుగులు కుడుతున్నదాన్ని. చిరుగు చూసి ఏ గాలి చింపిందో చెప్పేయగలను. నడుమ కుట్టు విడిపోయిందంటే రోజుల తరబడి ఒకే తీరుగా నెట్టిన గాలి. అంచులు పీలికలైతే చాపను బిగించి కట్టకుండా టపటపలాడించిన బద్ధకస్తుడి పని. కింది మూల దగ్గర బట్ట బర్రున చీలిందా, అందులో గాలి తప్పేమీ లేదు. సగం మడిచి కట్టాల్సిన చాపను పొగరుకొద్దీ మొత్తం ఎత్తినవాడిదే తప్పు. అలాంటిది నా ముందుకి వచ్చినప్పుడల్లా "ఎవడీ దున్నపోతు?" అని పైకే అంటాను. మా షెడ్డులో అది అందరికీ అలవాటైపోయింది.

ఇంత తెలిసిన నేను తెరచాప పడవ ఒక్కసారి కూడా ఎక్కలేదు. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి, ముందు ముందు ఇంకా ఉంది.

మా షెడ్డు నేలంతా నున్నటి చెక్క. దాని మీద చాపను పరిచి, నేలలోనే తవ్విన గోతిలో మిషను పెట్టుకుని కుడతాం. మూలల దగ్గర బట్ట ఏడెనిమిది పొరలుంటుంది కాబట్టి అక్కడ మిషను సూది దిగదు. అరచేతికి తోలు పట్టీ తొడుక్కుని, మైనం రాసిన దారంతో చేత్తోనే నెట్టాలి. ప్రతి మూలా ముగించాక అడ్డంగా మూడు కుట్లు వేస్తాను. ఎవరూ వెయ్యమనలేదు, అది నా గుర్తు.

రెండేళ్ళ కిందట మా యజమాని జిగురుతో అతికించే చాపలకు మారాడు. తేలిగ్గా ఉంటాయట, కుట్టే అక్కర్లేదట. అప్పటినుంచి నాకు మిగిలింది పాతవాటి చిరుగులే. మొదటినుంచి చివరిదాకా నా చేత్తో కుట్టిన ఆఖరి చాప, ఇటుక రంగుది, రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఒక రేవులో ఉంది. సెలవులకు వచ్చేవాళ్ళను పడవలో తిప్పే ఒకావిడ దాన్ని తీసుకుంది. అక్కడ అందరూ ఆవిడను కెప్టెనమ్మ అంటారు. మొన్న వేసవిలో షెడ్డుకు వచ్చినప్పుడు ఆవిడ, "కొత్త సంవత్సరంలో నేను కూడా అతికించిందే వేయించుకుంటానమ్మా, ఇది మోయలేకపోతున్నా," అని నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

నేను కుట్టిన చాపలు నాకు ఎప్పుడూ నేల మీద పడుకునే కనిపించాయి. ఆ ఆఖరిదైనా గాలి నింపుకుని నిలబడగా దాని కింద ఒక్కసారి కూర్చోవాలనుకున్నాను. కూర్చుంటే ఈ ఏడే కూర్చోవాలి. కొత్త సంవత్సరం వస్తే అది ఏ లారీ మీద కప్పడానికో పోతుంది.

వారం రోజులు సెలవడిగితే యజమాని క్యాలెండరు వైపు కూడా చూడలేదు. "అక్టోబరులో తీసుకో. ఆ నెల ఎలాగూ పనుండదు," అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో! ఇరవై రెండేళ్ళలో ఆయన అడగ్గానే ఒప్పుకున్నది అదొక్కటే.

అయినా గుడ్డిగా పోయేదాన్ని కాను. షెడ్డులో చిరుగుల పుస్తకం ఉంటుంది. వచ్చిన ప్రతి చాపకూ తేదీ, చిరుగు ఎక్కడ, కారణం ఏమిటి, అన్నీ నేనే రాస్తాను. పాత పుస్తకాలు కూడా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచి, నెలవారీగా లెక్క తీశాను.

మా ఆయన ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి పోయినేడు రిటైరయ్యాడు. ఊరందరికీ ఆయన మాస్టారు. ఇంట్లో మాత్రం గొడుగు తీసుకెళ్ళిన రోజున ఎండ కాసి, మరిచిపోయిన రోజున తడిసి వచ్చే మనిషి. అలాంటాయన కళ్ళజోడు సర్దుకుని నా లెక్కల మీదికి వంగాడు.

"చూడండి," అన్నాను. "జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకి ముప్పై చాపలు, నలభై చాపలు. డిసెంబరు, జనవరి ఇరవయ్యేసి. అక్టోబరు? ఒకటి, రెండు. ఓ ఏడాది అసలు సున్నా. అంటే ఏంటి? అక్టోబరు గాలి అంత మంచి గాలి లేదన్నమాట. చాపని నింపుతుందే గానీ చింపదు."

"ఆ ఒకటీ రెండూ ఎందుకు చిరిగాయి?"

"ఎలుకలు కొరికాయి."

"ఎలుకలా?"

"ఆఁ, ఎలుకలే. ప్రతి అక్టోబరూ ఎలుకలే. గాలికి చిరిగింది ఒక్కటీ లేదు. నేను చెప్పేదీ అదే కదా."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎలుకలు కొరికాయంటే చాప మడిచి గదిలో పడేసుందనే కదే అర్థం? పడవ మీద ఉంటే ఎలుక ఎందుకొస్తుంది? ఆ నెల ఎవరూ చాప ఎత్తట్లేదు."

"బద్ధకం. ఎత్తట్లేదు."

"గాలి లేక ఎత్తట్లేదు. ఇటు చూడు, ఆరు నెలలు సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. తర్వాత నేల మీంచి సముద్రం మీదికి తిరుగుతుంది. ఆ తిరిగే ముందు కొన్నాళ్ళు ఇటూ ఉండదు, అటూ ఉండదు. నేలా సముద్రం మాట్లాడుకోవడం మానేస్తాయి. అదే అక్టోబరు. ఎనిమిదో తరగతిలోనే..."

"ఎనిమిదో తరగతి పిల్లలకి మిమ్మల్ని నమ్మక తప్పదు, పరీక్షుంటుంది. నాకేం ఖర్మ?"

"నవంబరు మొదటి వారంలో కొత్త గాలొస్తుంది. అప్పుడెళ్దాం."

"అప్పుడు నాకు సెలవెవరిస్తారు, మీరా? మీరెప్పుడైనా చాపని ముట్టుకున్నారా? నేను ఇరవై రెండేళ్ళు గాలి చేతిరాత చదివాను. మీరు చదివింది ఎవరో అచ్చేసిన పుస్తకం."

"సరే. నీ ఇష్టం," అన్నాడాయన.

మా ఇంట్లో "నీ ఇష్టం" అనే మాట కంటే పెద్ద తిట్టు లేదు. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ రాత్రే కెప్టెనమ్మకు ఉత్తరం రాసి, బట్టలు సర్దేశాను.

అక్టోబరు రెండో ఆదివారం రేవులో బస్సు దిగేసరికి ఒడ్డంతా పడవలు. నీళ్ళలో కాదు, ఒడ్డు మీదే, బోర్లించి. ఒకాయన పడవ అడుగుకి రంగు వేసుకుంటున్నాడు. ఇంకొకాయన పడవ నీడలో గుర్రు పెడుతున్నాడు. మా ఆయన వాళ్ళను చూసి, నన్ను చూసి, ఆకాశం వైపు తిరిగి ఏదో పక్షిని వెతుక్కున్నాడు. ఆ పక్షి కథ నాకు తెలియదా!

కెప్టెనమ్మ నా కంటే ఓ ఐదేళ్ళు చిన్నది, మగవాళ్ళ చొక్కా, ఎండకు కమిలిన మొహం. "ఉత్తరం చూసి ఎవరో తేదీ తప్పు రాశారనుకున్నా. అక్టోబరులోనా అక్కా? నిజంగానా?" అంది.

"ఎందుకు, అక్టోబరుకి ఏమొచ్చింది?"

ఆవిడ మా ఆయన వైపు చూసింది. ఆయన ఇంకా పక్షిని వెతుకుతున్నాడు.

"ఏం రాలేదు. అదే కదా సంగతి," అని నవ్వి ఆవిడ లంగరు తాడు విప్పింది.

ఏడు రోజుల్లో మూడు దీవులు చుట్టి రావాలని మా ప్రణాళిక. చిన్న ఇంజను పెట్టి రేవు దాటించి, ఆవిడ దాన్ని ఆపేసి చాప ఎత్తింది. నా చాప! ఇటుక రంగు ఎండకు వెలిసి గులాబీలోకి దిగింది. కింది మూలలో నా మూడు అడ్డ కుట్లు అలాగే ఉన్నాయి. వేళ్ళతో తడిమి చూసుకున్నాను. చాప స్తంభం పైదాకా పోయి, అక్కడినుంచి కిందికి వేలాడింది. తడిపి ఆరేసిన దుప్పటి కూడా అంతకంటే కదులుతుంది.

"ఇంకాసేపట్లో వస్తుంది," అన్నాను.

ఆ రోజు రాలేదు. సోమవారం రాలేదు. మంగళవారం మధ్యాహ్నం చాప అంచు ఒకసారి కదిలింది. ఎగిరి లేచాను. కెప్టెనమ్మ తలకు తుండు చుట్టుకోబోయి చాపకు తగిలించిందంతే. ఇంజనులో డీజిలు తిరిగి రేవు చేరడానికి సరిపడా మిగిలి ఉండాలి కాబట్టి మొదటి దీవి దగ్గరే లంగరు వేసేసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడేసిన గుడ్డు పెంకు పొద్దున్న ఎక్కడుందో సాయంత్రానికీ అక్కడే ఉంది. ఎదురుగా అదే కొండ, అదే రాయి, ఆ రాయి మీద అదే కొంగ. ఆ కొంగకూ నాకూ బుధవారం నాటికి పగ పెరిగింది.

మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను చంపేసింది. పొద్దున్నే లేచి రొట్టె కోసిచ్చేవాడు, గుడ్లు ఒలిచిచ్చేవాడు, "బాగా నిద్ర పట్టిందా?" అని అడిగేవాడు. ఆ "చెప్పానా" అనే మాటను నోట్లో పెట్టుకుని, బయటకు రాకుండా పళ్ళు బిగించి, ఎంత మర్యాదగా ఉన్నాడంటే, దానికంటే నాలుగు చెంపదెబ్బలు నయం. గురువారం మధ్యాహ్నం ఇక తట్టుకోలేకపోయాను.

"అనేయండి!" అని అరిచాను. రాయి మీది కొంగ కూడా ఉలిక్కిపడింది.

"ఏమనాలి?"

"చెప్పానా అనండి. ఎలుకలన్నా చెప్పాయి, నువ్వే వినలేదు అనండి. కొండని తవ్వి ఎలుకని పట్టావు అనండి. నాలుగు రోజుల్నుంచి కడుపులో దాచుకుంటున్నారు, అజీర్తి చేస్తుంది!"

ఆయన ఒలుస్తున్న గుడ్డు పక్కన పెట్టాడు. నవ్వలేదు. "నాకు ఎలుకల గురించి బెంగ లేదే. వేరే సంగతి నాలుగు రోజులుగా తొలిచేస్తోంది. చెప్తే నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

"ఏంటది?"

"మీ యజమాని సెలవు చీటీ మీద ఏం రాశాడు?"

చీటీ నా సంచిలోనే ఉంది. తీయక్కర్లేదు, మాట మాట గుర్తుంది. "'పని లేనందున సెలవు ఇవ్వడమైనది' అని."

"పనెందుకు లేదు?"

"చిరుగులు లేవు కాబట్టి."

"చిరుగులెందుకు లేవు?"

వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను.

గాలి ఉంటే చాపలు చిరుగుతాయి. చిరిగితే నాకు పని. పని ఉంటే సెలవు లేదు. గాలి పోతేనే నాకు సెలవు. ఇరవై రెండేళ్ళలో నేను పడవ ఎక్కకపోవడం తీరిక లేకనో, తలరాత బాగాలేకనో అనుకున్నాను. కాదు. ఆ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ నేను గాలిలో ఉండే రోజంటూ ఒకటి లేదు. నాకు సెలవు దొరికే ప్రతి రోజూ ఇలాంటి రోజే, ఇలాంటి కొంగే. ఇంత చిన్న లెక్క చిరుగుల పుస్తకాలన్నీ తిరగేసిన నాకు తట్టలేదు. సిగ్గు లేకుండా ఏడ్చాను. మా ఆయన పక్కకు వచ్చి కూర్చున్నాడు. కెప్టెనమ్మ చుక్కాని పక్కన నిద్రపోతున్నట్టు పడుకుంది గానీ, కళ్ళ మీది తుండు తడిసి ఉంది.

శుక్రవారం, శనివారం చాప ఎత్తమని నేను అడగలేదు. అయినా ఆవిడ రోజూ ఎత్తింది.

ఆదివారం మధ్యాహ్నానికి పడవ రేవులో ఉండాలి. మూడు గంటలకు మా బస్సు. పొద్దున్నే లంగరు లేపి ఇంజను పెట్టుకుని వెనక్కి బయల్దేరాం. నేను ముందు వైపు కూర్చుని గిన్నెలు కడుగుతున్నాను. తొమ్మిదిన్నర అయి ఉంటుంది, మెడ మీద చల్లగా తగిలింది. తిరిగి చూస్తే, రేవుకు ఓ పక్కగా, నేల వైపు నీళ్ళు నల్లగా గరుకుదేలి మా వైపే వస్తున్నాయి.

అందరికంటే ముందు కోపమొచ్చింది మా ఆయనకు. లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక బెంచీలో అల్లరి చేసే కుర్రాణ్ణి గదమాయించినట్టు గదమాయించాడు. "ఇదిప్పుడు రాకూడదే! ఇంకా రెండు వారాలుందే! నవంబరు మొదటి వారం కదా!"

"పుస్తకం చదవలేదేమో పాపం," అన్నాను.

ఇంజను ఆగింది. కెప్టెనమ్మ తాళ్ళు అందుకుంటూ అరిచింది. "అక్కా, కొత్త గాలి, మొదటి విసురు గట్టిగా ఉంటుంది. చాప సగం మడిచి కడతా!"

ఇరవై రెండేళ్ళుగా నేను అందరికీ చెప్పేది కూడా అదే. షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ వేలు చూపించి చెప్పాను, మడిచి కట్టండిరా నాయనా అని. ఆ నోటితోనే ఏమన్నానో తెలుసా? "మొత్తం ఎత్తు!"

"చిరుగుతుంది!"

"చిరిగితే కుట్టేది నేనే. ఎత్తవే తల్లీ!"

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. తాడు లాగింది. చాప రెండుసార్లు టపటపమని కొట్టుకుంది, ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడాగిపోయింది. పడవ పక్కకు ఒరిగి పరుగు అందుకుంది. గిన్నెలన్నీ దొర్లి నీళ్ళలో పడ్డాయి. మా ఆయన స్తంభాన్ని వాటేసుకున్నాడు.

నేనేం చేశానో చెప్తే నమ్మరు. కింది మూల దగ్గరికి పాక్కుంటూ పోయి, నా మూడు కుట్లకు ముక్కు ఆనించి కూర్చున్నాను. దారం బిగిసింది. పట్టుకుంటుందా? మూడో పొర లాగుతోందే, సూది ఇంకాస్త లోపలికి పోనివ్వాల్సింది. మైనం సరిపోయిందా? ఇంత చేసి, ఇంత ఏడ్చి, అంత గాలిలో నేను కుట్టే చూస్తున్నాను.

"ఏమేవ్!" మా ఆయన అరుపు. "కుట్టు సంగతి నీ చేతులు చూసుకున్నాయి. పైకి చూడు!"

పైకి చూశాను.

నిండు నెలల కడుపులా ఉంది. ఎండ దానిలోంచి దిగి మా ముగ్గురి మీదా గులాబీ రంగు పడుతోంది. నేను కుట్టిన వరసలన్నీ కింద నేల మీద గీతల్లా ఉండేవి, ఇక్కడ అన్నీ వంపు తిరిగి పైకి పోతున్నాయి. ఆ వంపు కోసమే ఒక్కో పట్టీ అంచును కొంచెం కొంచెం గుండ్రంగా కత్తిరిస్తాం. ఎందుకో చెప్పారు గానీ ఎవరూ చూపించలేదు. అదా! దీనికోసమా! నాకు ఆనందం పట్టలేక గొంతు పగిలేలా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. "అమ్మా" అన్నావని మా ఆయన అంటాడు.

అలా ఎంతసేపు పోయామో, అరగంట అని కెప్టెనమ్మ లెక్క. రేవు గోడ కనిపిస్తుండగా బర్రుమంది. ఇరవై రెండేళ్ళు చిరుగులు చూశాను గానీ చిరగడం వినడం అదే మొదటిసారి. నా కుట్టు చెక్కు చెదరలేదు, దాని పక్కన ఎండకు బలహీనపడిన బట్ట మూర పొడవున చీలింది. కెప్టెనమ్మ నన్ను, నా చాపను, అక్టోబరును కలిపి తిడుతూ దాన్ని దించింది. నేను నవ్వుతూనే ఉన్నాను. మిగిలిన దూరం ఇంజను మీద పోయాం.

మంగళవారం ఆ చాప షెడ్డుకు వచ్చింది. కొత్త గాలి కాలానికి అదే మొదటి చిరుగు. యజమాని దాన్ని నేల మీద పరిచి, కింది మూల చూసి, ముక్కు చిట్లించాడు.

"మొదటి విసురుకే మొత్తం ఎత్తినట్టున్నారు. ఎవడంటావ్ ఈ దున్నపోతు?"

"ఎవరో తెలియనివాళ్ళయి ఉంటారు," అన్నాను.

"పాతది. దీన్ని పారేసి ఆవిడకి అతికించింది ఇప్పుడే ఇచ్చేద్దాం."

"వద్దు. నేను కుడతా." అప్పటికే తోలు పట్టీ తొడుక్కున్నాను. "కెప్టెనమ్మకి కబురు పంపించా. ఇంకో ఏడాది బరువు మోస్తానంది."

ఆయన భుజాలు ఎగరేసి వెళ్ళబోయాడు. నేను చిరుగుల పుస్తకం తీసి అక్టోబరు కింద తేదీ రాశాను, చిరుగు కింది మూల అని రాశాను. కారణం దగ్గర గాలి అని రాసి, కొట్టేసి, పొగరు అని రాశాను.

"వచ్చే జూలైలో నాకు వారం సెలవు కావాలి," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. "జూలైలోనా? మతి పోయిందా? అప్పుడు ఇక్కడ నలభై చాపలు కుప్ప పడుంటాయి!"

"పడి ఉండనివ్వండి. వాటిలో ఒకటి నాదై ఉంటుంది."